నలుగురు రన్నర్లు, సున్నా తయారీ

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీకి 175 గేట్లు. అన్నీ ఒక్క వరసలో ఉండవు. అక్కడ గోదావరి లంకల మధ్య నుంచి నాలుగు పాయలుగా వస్తుంది కాబట్టి బ్యారేజీ కూడా నాలుగు ముక్కలుగా ఉంటుంది. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. 1847లో మొదలుపెట్టి 1852కల్లా పాత ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్, నాలుగు ముక్కలూ సమానంగా ఉండాలని పట్టుబట్టలేదు. పాయ ఎంత ఉంటే కట్ట అంత.

ఈ లెక్కతో రిలే పందేనికి పని ఉంది. ఆత్రేయపురంలో నలుగురు కలిసి సంక్రాంతికి ఒక రోడ్డు రిలే పరిగెత్తాలనుకున్నారనుకుందాం. నలుగురిలో ఒక్కరికీ సరైన తయారీ లేదు. గేటుకు 100 మీటర్ల చొప్పున దూరం వేసుకుంటే మొత్తం 17.5 కిలోమీటర్లు. మొదటి వంతు 7 కిలోమీటర్లు, రెండోది 4.3, మూడోది 2.3, నాలుగోది 3.9. ఇది కాగితం మీది పందెమే. నిజంగా బ్యారేజీ మీద పరిగెత్తమని చెప్పడం లేదు, అక్కడ బస్సులకే చోటు చాలదు. కాలవ గట్టు ఉండనే ఉంది.

ఇప్పుడు జట్టు. డిగ్రీ చదివే కుర్రాడు 5 కిలోమీటర్లు 28 నిమిషాల్లో పరిగెడతాడు. పిఇటీ మాస్టారికి 33 పడుతుంది. పిల్లల్ని పరిగెత్తించడమే గానీ తాను పరిగెత్తి చాలాకాలమైంది పాపం. బ్యాంకు ఉద్యోగికి 37. పూతరేకుల కొట్టు యజమానికి 45, అదీ మధ్యలో నడిస్తే. ఈ నలుగురూ నేను కల్పించినవాళ్లే, అయినా ఇలాంటి నలుగురు లేని ఊరు కోనసీమలో దొరకదు.

వీళ్లలో ఎవరికి ఏ వంతు ఇవ్వాలి?

5 కిలోమీటర్ల టైము తెలిస్తే వేరే దూరానికి ఎంత పడుతుందో అంచనా వేసే సూత్రం ఒకటుంది. పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు 1977లో దాన్ని బయటపెట్టాడు. దూరం రెండింతలైతే కాలం రెండింతలతో ఆగదు, సుమారు 2.08 రెట్లు అవుతుంది. ఎంత దూరం పోతే అంత అలసట అన్న మాటనే ఆయన అంకెల్లోకి దించాడు. మన నలుగురికీ ఆ సూత్రం వేసి చూద్దాం.

నాలుగు వంతులూ సమానం చేసి తలా 4.375 కిలోమీటర్లు ఇస్తే జట్టు మొత్తం 124 నిమిషాల్లో ముగిస్తుంది. బ్యారేజీ కొలతల ప్రకారం కుర్రాడికి 7, మాస్టారికి 4.3, కొట్టు యజమానికి 2.3, బ్యాంకాయనకి 3.9 ఇస్తే 40, 28, 20, 28 నిమిషాలు, వెరసి 116. అదే కొలతల్ని తలకిందులు చేసి యజమానికి 7 కిలోమీటర్లు కట్టబెట్టి, బ్యాంకాయనకి 4.3, మాస్టారికి 3.9, కుర్రాడికి 2.3 ఇస్తే యజమాని ఒక్కరికే 64 నిమిషాలు పడుతుంది. మొత్తం 133 దాటుతుంది.

మంచి పంపకానికీ చెడ్డ పంపకానికీ మధ్య తేడా 17 నిమిషాలు. ఈ 17 నిమిషాల కోసం ఎవరూ ఒక్క సెకను కూడా వేగం పెంచుకోనక్కర్లేదు. తెల్లవారుజామున లేవక్కర్లేదు, బూట్లు మార్చక్కర్లేదు. కాగితం మీద నాలుగు పేర్లు అటూ ఇటూ మారిస్తే చాలు. తయారీ లేని జట్టు చేతిలో పందెం ముందురోజు రాత్రి కూడా మిగిలుండే ఆయుధం ఇదొక్కటే. చిత్రమేమంటే ముందుగా వదిలేసేదీ దీన్నే.

ఎందుకు వదిలేస్తారో మన ఊళ్లలో పెరిగినవాళ్లకి వేరే చెప్పాలా? టీషర్టులకూ ఫ్లెక్సీకీ డబ్బు పెట్టింది కొట్టు యజమాని. వయసులో పెద్ద కూడా ఆయనే. ‘మొదట మీరే కానివ్వండి బాబాయ్ గారూ’ అంటారు అందరూ. ఆయనా మొహమాటానికి కాదనలేడు. మన కొలతల్లో మొదటి వంతంటే 7 కిలోమీటర్లు. జట్టు ఆ 17 నిమిషాలు పోగొట్టుకునేది రోడ్డు మీద కాదు, ఈ మర్యాద దగ్గరే. కావాలంటే ఆయన చేత జెండా ఊపించండి, కొబ్బరికాయ కొట్టించండి. పరుగు మాత్రం 2.3 కిలోమీటర్లు దాటనివ్వకండి.

పందెం పెట్టినవాళ్లు వంతులన్నీ సమానమని ముందే నిర్ణయిస్తే పంపకానికి వీలుండదు. రోడ్డు రిలేలన్నీ అలా ఉండవు. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లని ఆరుగురికి పంచే అంతర్జాతీయ పద్ధతిలో వంతులు 5, 10, 5, 10, 5, 7.195 కిలోమీటర్లు. ఆరుగురిలో అయిదుగురు 35 నిమిషాలకు 5 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లూ, ఒక్కరు 45 నిమిషాల మనిషీ అనుకోండి. ఆ ఒక్కరిని 5 కిలోమీటర్ల వంతులో పెడితే జట్టుకి 10 నిమిషాలు నష్టం. 10 కిలోమీటర్ల వంతులో పెడితే నష్టం 21 నిమిషాలకు చేరుతుంది. మనిషి అదే, కాళ్లూ అవే.

ఇలాంటి రోడ్డు రిలేలకు పుట్టిల్లు జపాన్. అక్కడ వీటిని ఎకిడెన్ అంటారు. మొదటిది 1917లో క్యోటో నుంచి టోక్యో దాకా, సుమారు 508 కిలోమీటర్లు, రాజధాని టోక్యోకి మారి యాభై ఏళ్లయిన సందర్భంగా జరిగింది. ఇప్పుడు అందరూ టీవీల ముందు కూర్చుని చూసేది హకోనే ఎకిడెన్. 1920లో మొదలైంది. ఏటా జనవరి 2, 3 తేదీల్లో, అంటే మన భోగికి పది పన్నెండు రోజుల ముందు, విశ్వవిద్యాలయాల కుర్రాళ్లు 217.1 కిలోమీటర్లు పదిమంది పంచుకుని పరిగెడతారు. అయిదో వంతు కొండ ఎక్కుడు. ఎక్కే మనిషిని ఎక్కుడు కోసమే ఎంచుతారు, మరునాడు దిగే మనిషిని దిగుడు కోసమే ఎంచుతారు. చేతిలో కర్ర ఉండదు. భుజం మీదుగా జంధ్యంలా వేసుకున్న గుడ్డపట్టీ ఒకరి నుంచి ఒకరికి మారుతుంది. జట్టు మరీ వెనకబడితే, అంటే ముందున్న జట్టు వెళ్లిపోయి చోటుని బట్టి 10 నుంచి 20 నిమిషాలు దాటితే, వెనకవాడు రాకుండానే తర్వాతి రన్నర్ని వేరే పట్టీతో పంపించేస్తారు. తమ పట్టీ చివరిదాకా చేరలేదన్న బాధతో రోడ్డు మీదే కూలబడి ఏడ్చే కుర్రాళ్లని చూస్తే, వాళ్లకి ఓటమి కన్నా అదే పెద్ద దెబ్బ అనిపిస్తుంది.

మన దగ్గర రిలే అంటే బడి మైదానంలో సున్నంతో గీసిన ట్రాకు మీద 4×100. అందులో ఇచ్చిపుచ్చుకోవడమే సగం ఆట. బ్యాటన్ పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు కనీసం 50 గ్రాములు, లోపల బోలు. పెద్ద పోటీల్లో మార్పిడికి 30 మీటర్ల జాగా ఇస్తారు. 4×400లో అది 20 మీటర్లే. మనిషి కాలు గీత దాటిందా అన్నది లెక్కలోకి రాదు, చేతులు మారేటప్పుడు బ్యాటన్ ఎక్కడుందన్నదే చూస్తారు. కింద పడితే పడేసినవాడే తీయాలి.

ఆ 30 మీటర్లలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడండి. అందుకోబోయేవాడు ట్రాకు మీద ఒక గుర్తు పెట్టుకుని, ముందుకు వంగి, చంక కిందుగా వెనక్కి చూస్తుంటాడు. వచ్చేవాడు ఆ గుర్తు దాటగానే ఇక వెనక్కి చూడడు, పరుగు అందుకుంటాడు. వెనకవాడు కేకేస్తాడు. కేక వినగానే ముందువాడు చెయ్యి వెనక్కి చాపి, బొటనవేలు విడదీసి, అరచెయ్యి కదలకుండా ఉంచుతాడు. చెయ్యి అల్లాడితే బ్యాటన్ వేళ్లకు తగిలి ఎగిరిపోతుంది. మొదటివాడు కుడిచేత్తో తెచ్చింది రెండోవాడి ఎడమచేతికి, అక్కడి నుంచి మూడోవాడి కుడిచేతికి, మళ్లీ నాలుగోవాడి ఎడమచేతికి వెళ్తుంది. పరుగు మధ్యలో ఎవరూ చెయ్యి మార్చుకోరు.

ఇది కుదిరితే ఎంత లాభమో చూడండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జమైకా 36.84 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. నెస్టా కార్టర్, మైకేల్ ఫ్రేటర్, యోహాన్ బ్లేక్, ఉసేన్ బోల్ట్ - ఈ నలుగురూ విడివిడిగా తమ జీవితంలో పెట్టిన అత్యుత్తమ 100 మీటర్ల టైములు కలిపితే 38.93. రిలేలో అంతకన్నా రెండు సెకన్లకు పైగా తగ్గింది. కారణం మాయేమీ కాదు. మొదటివాడు ఒక్కడే నిలబడ్డ చోటు నుంచి మొదలుపెడతాడు, మిగతా ముగ్గురూ వేగం అందుకున్నాకే బ్యాటన్ పట్టుకుంటారు. 2016 రియోలో జపాన్ ఇంకో మెట్టు పైకెక్కింది. అప్పటికి నలుగురిలో ఒక్కరు కూడా అధికారికంగా 100 మీటర్లని 10 సెకన్ల లోపు పరిగెత్తలేదు, అంటే నలుగురి టైములు కలిపితే 40 సెకన్ల పైమాటే. ఫైనల్లో వాళ్ల టైము 37.60, మెడలో రజతం. అదే ఫైనల్లో మూడోగా గీత దాటిన అమెరికాని మార్పిడి తప్పుకి పోటీ నుంచి తీసేశారు. 2008 బీజింగ్‌లో అమెరికా మగవాళ్లూ ఆడవాళ్లూ ఇద్దరూ బ్యాటన్ జారవిడిచారు. 2024 పారిస్‌లో మగవాళ్లు మళ్లీ మార్పిడి దగ్గరే పోయారు. నాలుగేళ్లకోసారి వచ్చే పందేనికి జీతాలు తీసుకుని తయారయ్యేవాళ్ల సంగతే ఇది.

మన నలుగురికి ఈ విద్యలో అక్కరకొచ్చేది ఎంత? నిజం చెప్పాలంటే దాదాపు ఏమీ లేదు. కిలోమీటరుకి 7 నిమిషాల చొప్పున పరిగెత్తే మనిషి వేగం సెకనుకి 2.4 మీటర్లు. నిలబడ్డ మనిషి ఆ వేగం అందుకోవడానికి సెకను చాలు. వెనక్కి చూడకుండా అందుకోవడం నేర్చుకుంటే మూడు మార్పిడులకూ కలిపి మిగిలేది మూడు నాలుగు సెకన్లు. అందుకోసం బ్యాటన్ కాలవలో పడేసుకోనక్కర్లేదు. ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూసి అందుకోండి. 4×400 పరిగెత్తేవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసే అందుకుంటారు.

తయారీ లేని జట్టు మార్పిడిలో పోగొట్టుకునేది సెకన్లు కాదు, నిమిషాలు. అవతలివాడు వచ్చేస్తాడు, అందుకోవాల్సినవాడు అక్కడుండడు. టీ కొట్టు దగ్గరో, చెట్టు చాటునో, ఫోన్లోనో ఉంటాడు. ఒక్కో మార్పిడికి నాలుగు నిమిషాలు పోతే మూడింటికి 12 నిమిషాలు. మంచి పంపకంతో సంపాదించిన 17లో మూడింట రెండొంతులు అక్కడే ఖర్చు. దీనికి మందు కూడా లెక్కే. కుర్రాడు 7 కిలోమీటర్లకి 40 నిమిషాలు అన్నాడంటే 37 నుంచి 43 మధ్య ఎప్పుడైనా రావచ్చు. మాస్టారు 25వ నిమిషానికి ఒళ్లు వేడెక్కించుకోవడం మొదలుపెట్టి, 35కల్లా గీత మీద నిలబడాలి. ఫోన్ ఇంకెవరి చేతికైనా ఇచ్చేయాలి. వంతులు ఎక్కువైన కొద్దీ ఈ చిల్లర ఖర్చులు పెద్ద మొత్తమవుతాయి. అమెరికాలో మౌంట్ హుడ్ కొండ మీద నుంచి పసిఫిక్ తీరం దాకా సాగే హుడ్ టు కోస్ట్ రిలే 1982లో ఎనిమిది జట్లతో మొదలైంది. ఇప్పుడది సుమారు 320 కిలోమీటర్లు. పన్నెండు మంది జట్టు, 36 వంతులు, 35 మార్పిడులు. మార్పిడికి అర నిమిషం చొప్పున పోయినా 17 నిమిషాలు దాటిపోతాయి. అందులో మనిషికి మూడు వంతులు, మొత్తం సుమారు 27 కిలోమీటర్లు. రాత్రి కూడా పరిగెత్తాలి. అలవాటు లేని పరుగు తర్వాత కండరాల నొప్పి 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది కనుక మూడో వంతు సరిగ్గా తొడలు బిగుసుకుపోయే వేళకి వస్తుంది. తయారీ లేనివాళ్లు అటువైపు చూడకపోవడమే మంచిది.

ఇక పరుగు. కొత్తవాళ్లు అందరూ చేసే పని మొదటి కిలోమీటరు దౌడు తీయడం. జట్టులో ఉన్నామన్న ఊపు, గట్టు మీద జనం, ఎవరో ఈల. కిలోమీటరుకి 7 నిమిషాల మనిషి మొదటి కిలోమీటరు 5:30లో కొట్టేస్తాడు. తొంభై సెకన్లు మిగిలాయి కదా అనుకుంటాడు. తర్వాత ఊపిరి అందక నడక మొదలవుతుంది. నడిస్తే కిలోమీటరుకి 11 నిమిషాలు. ఆ తొంభై సెకన్ల లాభం 375 మీటర్ల నడకతో హరించుకుపోతుంది. అక్కడి నుంచి ప్రతి అడుగూ అప్పే.

దీనికన్నా ముందే ఒప్పుకుని నడవడం నయం. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మళ్లీ నాలుగు పరుగు. ఈ పద్ధతిలో 7 నిమిషాల మనిషి సగటు కిలోమీటరుకి 7:33 అవుతుంది, 5 కిలోమీటర్లకు 37:45. దౌడు తీసిన మనిషి సంగతి చూడండి. ఒకటిన్నర కిలోమీటర్లు 5:30 చొప్పున, రెండు కిలోమీటర్లు నడక, చివరి ఒకటిన్నర 8 చొప్పున ఈడ్చుకుంటూ వస్తే 42:15. గట్టు మీద జనానికి రెండోవాడే వీరుడిలా కనిపిస్తాడు. గడియారం మాత్రం నాలుగున్నర నిమిషాలు ఎక్కువ చూపిస్తుంది. నన్నడిగితే కొట్టు యజమాని నడిచేదేదో మొదటి నిమిషం నుంచే నడవాలి. నడవడానికి సిగ్గుపడేది మొదట్లోనే, అలిసిపోయాక ఎవరికీ సిగ్గుండదు.

జట్టుగా పరిగెడితే మనిషి ఎక్కువ కష్టపడతాడా, తక్కువా? పని ఎలా పంచారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2025 సంక్రాంతికి ఆత్రేయపురంలో కాటన్ పేరిట గోదావరి ట్రోఫీ పడవ పోటీలు పెట్టారు. పొడవాటి డ్రాగన్ పడవల్లో అందరూ ఒకేసారి తెడ్లు వేస్తారు. అలాంటి పనిలో ఎవరెంత బలం పెట్టారో గట్టు మీదున్నవాళ్లకి తెలియదు. ఫ్రెంచి ఇంజనీరు మాక్స్ రింగెల్‌మాన్ మనుషుల చేత లాగించి చూసి 1913లో అచ్చువేసిన లెక్కల్లో, ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి సొంత బలంలో సగమే పడింది. కొంత పొందిక కుదరక, కొంత పక్కవాడు లాగుతున్నాడులే అని. రిలే దీనికి విరుద్ధం. ఒక్కసారికి ఒక్కడే పరిగెడతాడు, వాడి టైము వాడి పేరు మీదే పడుతుంది. ఒలింపిక్ ఈత రిలేల్లో పరిశోధకులు గమనించింది ఇదే. మొదటి వంతువాడు తన మామూలు టైములోనే ఈదాడు, వెనక వంతులవాళ్లు తమ సొంత టైముల కన్నా మెరుగయ్యారు. 1926లో ఒట్టో కోలర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త బెర్లిన్ పడవ క్లబ్బు సభ్యుల్లో ఇంకోటి చూశాడు. తాను ఆగితే జట్టు ఆగిపోతుందని తెలిసినప్పుడు, జంటలో బలహీనుడు ఒంటరిగా ఉన్నప్పటి కన్నా ఎక్కువసేపు నెట్టుకొచ్చాడు. పూతరేకులాయనకి ఇది శుభవార్తే. ఆయన గుండెకి కూడా శుభవార్తేనా అంటే, దానికీ లెక్క ఉంది.

అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్ పరిగెత్తిన 1.09 కోట్ల మందిని వైద్య పరిశోధకులు లెక్కలోకి తీసుకున్నారు. 59 మందికి పరుగులోనో, ముగిసిన వెంటనేనో గుండె ఆగింది, 42 మంది చనిపోయారు. సుమారు 1,84,000 మందిలో ఒకరికి అన్నమాట. మారథాన్‌లో లక్షకి ఒకటి, హాఫ్ మారథాన్‌లో అందులో నాలుగోవంతు. దూరం తగ్గితే ముప్పు తగ్గిందనేది కనిపిస్తూనే ఉంది. అయితే ఆ లెక్కలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎంతో కొంత తయారై వచ్చినవాళ్లు. బీపీ, షుగరు ఉండి, నలభై దాటి, ఏళ్ల తరబడి పరుగు ముఖం చూడని మనిషి డాక్టర్ని అడక్కుండా 2.3 కిలోమీటర్లు కూడా పరిగెత్తకూడదు. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం లాంటిదేదైనా ఉంటే బ్యాటన్ అక్కడే పడేయాలి. జట్టు ఓడిపోతే పోయింది.

పరుగుకి శక్తి కావాలని ముందురోజు రాత్రి పూతరేకులు లాగించడం ఆత్రేయపురంలో ఎవరికైనా వచ్చే ఆలోచనే. 2023లో జిఐ గుర్తింపు కూడా వచ్చింది, ఊరి పరువు అది. కానీ మనిషి పరుగులో ఖర్చు చేసేది సుమారుగా కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కెలోరీ. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లకి 350 కెలోరీలు. ఒంట్లో, అంటే కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థమే 1600 నుంచి 2000 కెలోరీల దాకా ఉంటుంది. మామూలు అన్నం తిన్న మనిషికి ఇది చాలా ఎక్కువ. పైగా రేకు బియ్యంపిండిదే అయినా, మడతల మధ్య ఉండే నెయ్యి గ్రాముకి 9 కెలోరీలతో కడుపులో నింపాదిగా కూర్చుంటుంది. పందెం అయ్యాక తినండి, ఎన్నైనా తినండి.

తయారీకి టైము ఉంటే? ఆత్రేయపురం మండలంలోనే ఉన్న వాడపల్లి వెంకన్న భక్తులకి ఏడు శనివారాల నియమం తెలుసు, వారం తప్పకుండా వచ్చి ఏడేసి ప్రదక్షిణలు చేస్తారు. కొత్త రన్నరుకి సరిపోయే గడువు కూడా అదే. ఏడు వారాలు, వారానికి మూడు రోజులు, శనివారం కాస్త ఎక్కువ. మొదటి వారం నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఇరవై నిమిషాలు. ఏడో వారానికి పరుగు నాలుగు నిమిషాలు, నడక ఒకటి. వారానికి పది శాతం కన్నా పెంచకూడదని చెబుతుంటారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 500 మందికి పైగా కొత్తవాళ్లని 6.7 కిలోమీటర్ల పరుగుకి తయారుచేస్తూ దీన్ని పరీక్షించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఒక గుంపుకి 13 వారాలు, పది శాతం చొప్పున పెంపు. ఇంకో గుంపుకి మామూలు 8 వారాల పద్ధతి. మొదటి గుంపులో 20.8 శాతం మందికి, రెండో గుంపులో 20.3 శాతం మందికి దెబ్బలు తగిలాయి. అంటే పది శాతానికి అంత మహత్తు ఏమీ లేదు. ఏ పద్ధతిలోనైనా కొత్తవాళ్లలో అయిదుగురికి ఒకరు ఎక్కడో ఒకచోట పట్టేసుకుంటున్నారన్నదే అసలు వార్త. నలుగురి జట్టుకి దాని అర్థమేమిటో మీరే లెక్క వేసుకోండి. అయిదో మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

అయిదో మనిషి ఎంత అవసరమో చెప్పే ఉదంతంలో మన పొరుగు ఊరి అమ్మాయి కూడా ఉంది. వశిష్ఠ దాటితే పడమట తణుకు. ఆ ఊరి దండి జ్యోతికశ్రీ 400 మీటర్ల రన్నర్. 2024 మేలో బహమాస్‌లోని నాసావులో ప్రపంచ రిలే పోటీలు జరిగాయి. పారిస్ ఒలింపిక్స్‌కి 16 జట్లలో 14 అక్కడే తేలాలి. తొలిరోజు భారత మహిళల 4×400 జట్టు తన హీట్‌లో అయిదో స్థానంలో ఆగింది. మగవాళ్లదైతే ఇంకా ఘోరం, రెండో వంతులో రాజేశ్ రమేశ్‌కి కండరం పట్టేసి మధ్యలోనే ఆగిపోయాడు. మరునాడు రెండో అవకాశం ఉంది. మగవాళ్ల జట్టులోకి ఆరోకియా రాజీవ్ వచ్చాడు, 3:03.23తో రెండో స్థానం. రూపల్ చౌదరి, పూవమ్మ, జ్యోతికశ్రీ, శుభా వెంకటేశన్ 3:29.35తో జమైకా వెనకాలే ముగించారు. రెండు జట్లూ పారిస్‌కి వెళ్లాయి. అక్కడ మహిళల జట్టు 3:32.51తో హీట్స్‌లోనే వెనుదిరిగింది. 3:29.35 అంటే మనిషికి సగటున 52 సెకన్ల పైచిలుకు. మన 7 నిమిషాల మనిషికి అదే 400 మీటర్లు 168 సెకన్లు. ఆ స్థాయిలో కూడా జట్టుని ఒక్క పట్టేసిన కండరం ముంచింది, ఒక్క రిజర్వు రన్నర్ తేల్చాడు.

మన జట్టులో ఎవరైనా పందెం పొద్దున్న రాకపోతే? సంక్రాంతి రోజుల్లో ఇది జరగకపోతేనే వింత. ఆరున్నర దాటాక గానీ సూర్యుడు కనబడడు, మంచు, బ్యాంకాయన ఫోన్ ఎత్తడం లేదు. చివరి వంతు 3.9 కిలోమీటర్లు ఖాళీ. అయిదో మనిషి లేడు. మిగిలిన ముగ్గురిలో ఎవరు రెండోసారి పరిగెత్తాలి?

మాస్టారు తన వంతు ముగించాక ఆయనకి దొరికే విరామం యజమాని పరిగెత్తే 20 నిమిషాలే. కుర్రాడికి మాస్టారి 28, యజమాని 20 కలిపి 48 నిమిషాల విశ్రాంతి. కుర్రాడే నయం. తాజాగా ఉంటే 3.9 కిలోమీటర్లు 21.5 నిమిషాల్లో పరిగెత్తేవాడు. 7 కిలోమీటర్లు పరిగెత్తిన కాళ్లు కదా, 15 శాతం నెమ్మదించాడనుకుందాం, 25 నిమిషాలు. నిద్రపోతున్న బ్యాంకాయన వచ్చి ఉంటే పట్టేది 28.

అంటే మనిషి రాకపోవడం వల్ల జట్టు మూడు నిమిషాల పైన బాగుపడింది. అధికారిక ట్రాకు రిలే పోటీల్లో ఒక్క మనిషి రెండు వంతులు పరిగెత్తకూడదనే నియమం ఇందుకే ఉందేమో అనిపిస్తుంది. లేకపోతే ఊరికొక కుర్రాడు చాలు, మిగతావాళ్లందరూ టీషర్టులేసుకుని ఫొటోలు దిగొచ్చు. ఊరి పందెంలో ఆ నియమం పెట్టాలా వద్దా అన్నది ముందురోజే తేల్చుకోండి. బ్యాంకాయనకి మాత్రం ఈ లెక్క చూపించకండి.